మన చదువుల చరిత్ర – 11: ‘ఏ కోర్సు నేర్చుకోమంటారు సార్?’

పోయిన భాగంలో సోషల్ వెల్ఫేర్ హాస్టళ్ల గురించి రాశాను. ఈసారి హాస్టల్ గేటు దాటి, డిగ్రీయో బీటెక్కో చేతికొచ్చాక మన పిల్లలు నిలబడే చౌరస్తా గురించి. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఏటా ఫైనల్ ఇయర్ రిజల్ట్స్ రాగానే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. ‘సార్, జావా ఫుల్ స్టాక్ మంచిదా, పైథాన్ మంచిదా?’ ‘అన్నా, టెస్టింగ్ నేర్చుకుంటే తొందరగా జాబ్ వస్తదంట, నిజమేనా?’ ‘ఏఐ వచ్చింది కదా సార్, ఇంక కోడింగ్ నేర్చుకోవడం వేస్టా?’ నేను చెప్పేది తెలుగు సాహిత్యం. చంపకమాల గణాలు అడిగితే నిద్రలో లేపినా చెప్తాను. పైథాన్ గురించి నన్నెందుకు అడుగుతున్నారని మొదట్లో నవ్వుకునేవాడిని. తర్వాత అర్థమైంది. ఆ పిల్లల ఫోన్‌లో ‘సార్’ అని సేవ్ చేసుకున్న నంబర్లు రెండో మూడో ఉంటాయి. అందులో ఫోన్ ఎత్తే నంబరు నాదొక్కటే. గచ్చిబౌలిలో బాబాయి, డల్లాస్‌లో మేనమామ ఉన్న పిల్లవాడు తెలుగు లెక్చరర్‌ని పైథాన్ గురించి అడగడు కదా.

ఏ టెక్నాలజీ నేర్చుకోవాలన్నది పైకి సాంకేతికమైన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ గత ముప్పై, నలభై ఏళ్ల హైదరాబాద్ చరిత్ర చూస్తే, ఆ ప్రశ్నకు జవాబు ఎవరికి ఏ ఏడాది చేరిందన్నదే అసలు కథ. కబురు ముందుగా చేరినవాళ్లు విమానం ఎక్కారు. మనకు ఆ కబురు చేరేసరికి ఫ్లెక్సీ మారిపోయేది. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ కథ 1942లో మొదలవుతుంది. ఆ ఏడాది బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్‌గా చేరారు. అదే సంవత్సరం అక్టోబర్‌లో షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఒక మెమొరాండం ఇచ్చారు. ఉద్యోగాల్లో వాటా, శాసనసభల్లో సీట్లు వంటి డిమాండ్లు అందులో ఉన్నాయన్నది చాలామందికి తెలుసు. చదువు గురించి ఆయన అందులో ఏం రాశారో మాత్రం మన సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఆర్ట్స్, లా చదువుల వల్ల మనవాళ్లకు పెద్దగా ఒరిగేదేమీ లేదని, సైన్సు, టెక్నాలజీలో ఉన్నత చదువు కావాలని, అది మన కుటుంబాల తాహతుకు మించింది కనుక ప్రభుత్వమే ఖర్చు భరించాలని ఆయన వాదన. దేశంలో సైన్సు, టెక్నాలజీ కోర్సులు చదివే షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఏడాదికి 2 లక్షల రూపాయలు, విదేశీ చదువులకు మరో లక్ష అడిగారు. అక్కడితో ఆగలేదు. ప్రభుత్వ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకోమన్నారు. ఆ రోజుల్లో కొత్త టెక్నాలజీ అంటే ప్రెస్సు, రైలే.

(సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ని, ఆర్ట్స్ వల్ల ఒరిగేది లేదన్న మాట నాకు కాస్త గుచ్చుకుంటుంది. ఆ మాట అన్నాయన లా చదివి, ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్లు చేసినవాడే. గుచ్చుకుంటే గుచ్చుకుంది, ఆ లెక్క ఎందుకలా వేశారో చూడాలి.)

రైల్వేల గురించి ఆయన ఊరికే అనలేదు. వై.బి.సత్యనారాయణ గారి ‘మై ఫాదర్ బాలయ్య’ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణలోని ఒక మాదిగ కుటుంబం వెట్టి నుంచి, ఊరి నుంచి బయటపడటానికి దారి చూపింది రైల్వే కొలువే. సిగ్నల్, పట్టాలు, క్వార్టర్, నెల జీతం దొరికాయి. కులం అక్కడా వదల్లేదు గానీ, జీతం మాత్రం దొర చేతి నుంచి రాలేదు. తరవాతి తరం కాలేజీ లెక్చరర్లు అయింది ఆ జీతం మీదే. మన తాతల్ని ఊరిలోంచి లాగిన మొదటి ‘టెక్నాలజీ’ అది.

షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. ఇవాళ మీరు ఈపాస్ సైట్‌లో అప్లికేషన్ పెట్టి, బయోమెట్రిక్ వేసి, నెలల తరబడి ‘స్టేటస్’ చూసుకునే స్కాలర్‌షిప్పుకి తాత అదే.

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌కు కంప్యూటర్ తెచ్చింది ఫలానా నాయకుడని మనవాళ్లు కూడా వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకుంటుంటారు. వాస్తవానికి ఈసీఐఎల్ 1967లోనే ఇక్కడ పుట్టింది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్.రావు పేరే ఇవాళ ఆ పక్క కాలనీ పేరు. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలితరం కంప్యూటర్ టీడీసీ-12 ఆ సంస్థదే, 1969లో. ఇక 1975లో కేంద్ర ప్రభుత్వం సీఎంసీ అనే కంపెనీ పెట్టింది, కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిపోయినప్పుడు ఆ మెషీన్లను చూసుకునే పని సీఎంసీ మీదే పడింది. ఎనభైల నడుమ ఢిల్లీలో మొదలైన రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్ సిస్టమ్ రాసిందీ సీఎంసీనే.

ఈ రెండు సంస్థలూ ప్రభుత్వ రంగం. అంటే రిజర్వేషన్ రోస్టర్ ఉన్న చోటు. బ్యాక్‌లాగ్ పోస్టులు నింపకుండా నాన్చడాలు, ‘సూటబుల్ క్యాండిడేట్ దొరకలేదు’ అని రాసుకోవడాలు ప్రభుత్వ రంగమంతటా ఉన్నవే. అయినా ఒక ముఖ్యమైన తేడా ఉంది. అక్కడ ఖాళీ పేపర్లో ప్రకటించాలి. ఏ అర్హత కావాలో, ఎస్సీకి ఎన్ని పోస్టులో, ఆఖరు తేదీ ఎప్పుడో అచ్చులో ఉండాలి. మాలపల్లిలో ఉన్న పిల్లవాడికి ఆ కబురు గ్రంథాలయంలో పేపర్ ద్వారా చేరేది. మేనమామ అక్కర్లేదు. ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఐడీపీఎల్ లాంటి ఫ్యాక్టరీల చుట్టూ ఏర్పడిన కాలనీల్లో మన ఇళ్లు కొన్ని ఉండటానికి కారణం ఆ అచ్చుకాగితమే.

2001లో కేంద్రం సీఎంసీలో 51 శాతం వాటాను టాటాలకు అమ్మేసింది. 2015 నాటికి సీఎంసీ టీసీఎస్‌లో కలిసిపోయింది. పెట్టుబడుల ఉపసంహరణ గురించి మన సభల్లో స్టీల్ ప్లాంట్ పేరు వినిపిస్తుంది, అది వినిపించాల్సిందే. సీఎంసీ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. సాఫ్ట్‌వేర్ రంగంలో రోస్టర్ ఉన్న ఒక పెద్ద తలుపు, సరిగ్గా ఆ రంగం పెరుగుతున్న ఏళ్లలో మూసుకుపోయింది. దాని మీద మన సంఘాలు పెద్ద ధర్నా చేసిన జ్ఞాపకం మన పెద్దల్లో ఎవరికీ లేదు. సాఫ్ట్‌వేర్ మన సమస్యే కాదనుకున్న రోజులవి.

అదే సమయంలో నగరం రెండో వైపున ఇంకో కథ నడుస్తోంది. 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ రాళ్లగుట్టల్ని చదును చేసింది, స్లాబులు పోసింది పాలమూరు లేబర్, ఉత్తరాంధ్ర మేస్త్రీలు. వాళ్లలో మనవాళ్లు ఎందరో నేను వేరే చెప్పక్కర్లేదు. లిఫ్టులు బిగించాక ఎవరు ఎక్కారన్నది వేరే లెక్క.

ఎవరు ఎక్కారు, ఎలా ఎక్కారు? దీనికి వైటూకే దగ్గర్నుంచి చెప్పుకోవాలి. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవాళ్లు. 1999కి 99. మరి 2000 వస్తే 00 అవుతుంది, మెషీన్ దాన్ని 1900 అనుకుంటే? బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు హడలిపోయాయి. కోట్ల లైన్ల కోడ్‌ని మనుషులు కూర్చుని సరిచేయాలి. అమెరికాలో అంతమంది లేరు. అమెరికన్ కాంగ్రెస్ హెచ్-1బీ వీసాల పరిమితిని 65 వేల నుంచి 1999కి లక్షా 15 వేలకు, తర్వాత 2001 నుంచి మూడేళ్లపాటు లక్షా 95 వేలకు పెంచింది. ఇది ఒక రకమైన నోటిఫికేషనే. కాకపోతే మన గ్రంథాలయంలోకి వచ్చే పేపర్ ఉద్యోగాల పేజీలో పడలేదు. పెళ్లిళ్లలో, కుల సంఘాల వనభోజనాల్లో, ‘మావాడు మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని వెళ్లాడు, మీవాణ్నీ పంపండి’ అన్న మాటల్లో పాకింది.

షియాంగ్ బియావో అనే చైనా పరిశోధకుడు ఆ రోజుల్లో హైదరాబాద్‌లో, కోస్తా ఆంధ్రలో, సిడ్నీలో తిరిగి ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకం రాశాడు, 2007లో వచ్చింది. చదవండి, లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అడగండి. కోస్తా డెల్టాలో వ్యవసాయం మీద మిగిలిన డబ్బు, దాంతోపాటు కట్నం డబ్బు ఎలా కంప్యూటర్ కోర్సుల్లోకి, వీసా ఖర్చుల్లోకి, బాడీ షాపుల్లోకి ప్రవహించిందో అతను విడమరిచి చూపించాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి రేటు పెళ్లి మార్కెట్‌లో పెరుగుతుంది, వచ్చే కట్నమే అతని కోర్సు ఫీజు, అతని విమానం టికెట్టు. కులం లోపలే పెళ్లి, పెళ్లి లోపలే పెట్టుబడి, ఆ పెట్టుబడితోనే టెక్నాలజీ. మన తెలుగు సాహిత్య విమర్శలో గ్లోబలైజేషన్ మీద వచ్చిన వ్యాసాలు గుట్టలుగా ఉన్నాయి. కట్నానికీ కోబాల్‌కీ ఉన్న లంకెను వాటిలో ఎక్కడా చూడలేదు. ఒక చైనావాడు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

అమీర్‌పేట గురించి మాత్రం నాకు రెండు మనసులున్నాయి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్, ఆ సందుల్లో గోడలు కనపడకుండా కట్టిన ఫ్లెక్సీలు చూసి నవ్వేవాళ్లు ఉన్నారు. నేను నవ్వను. పెద్ద పేరున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు అడిగే ఫీజులో చిన్న వంతుకి అక్కడ కోర్సు దొరికేది. డెమో క్లాసులు ఫ్రీ. మొదటి రెండు మూడు రోజులు ఎవరైనా కూర్చోవచ్చు. జేబులో డబ్బుల్లేని పిల్లలు ఈ వారం ఈ ఇన్‌స్టిట్యూట్ డెమో, వచ్చే వారం పక్క ఇన్‌స్టిట్యూట్ డెమో అని తిరిగి సగం కోర్సు నేర్చుకునేవాళ్లు. జిరాక్స్ షాపులో ఫ్యాకల్టీ రన్నింగ్ నోట్స్ దొరికేది. క్లాసులో వందమంది ఉంటే ఎవరి ఇంటిపేరూ ఎవరూ అడగరు. పాఠం సగం తెలుగులో నడిచేది. ‘ఈ ఆబ్జెక్ట్ ఉంది కదా, ఇది ఆ క్లాస్‌కి పుట్టిన బిడ్డ అనుకో’ అని చెప్పే ఫ్యాకల్టీ, ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు పీపీటీలు చదివిన లెక్చరర్ కంటే మన పిల్లలకు ఎక్కువ నేర్పాడు. తెలుగులో ఉన్నత సాంకేతిక విద్య సాధ్యం కాదని వాదించే ప్రొఫెసర్లను ఒక్కసారి ఆ సందులోకి తీసుకెళ్లాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

అయితే అమీర్‌పేట నేర్పేది నేర్చుకునే పాఠం. ఏది నేర్చుకోవాలో అది చెప్పదు. గోడ మీద ఏ ఫ్లెక్సీ పెద్దగా ఉంటే అదే జవాబు. ఇక్కడే కాలం లెక్క వస్తుంది. తొంభైల చివర్లో మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్, విజువల్ బేసిక్. 2000 దాటాక జావా. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ తెచ్చాక డాట్‌నెట్. తర్వాత శాప్, డేటా వేర్‌హౌసింగ్, టెస్టింగ్ టూల్స్. ఆపైన హడూప్, సేల్స్‌ఫోర్స్, డెవాప్స్, క్లౌడ్. ఇప్పుడు డేటా సైన్స్, జెనరేటివ్ ఏఐ. ఒక కోర్సు ఫ్లెక్సీ ఎక్కిందంటే దాని అర్థం ఏమిటి? దానితో ఉద్యోగాలు వచ్చాయన్న కబురు ఊరంతా పాకిందని. అంటే మొదటి బ్యాచ్ ఆల్రెడీ వెళ్లిపోయింది. కంపెనీ లోపల కూర్చున్న బంధువు ‘మా ప్రాజెక్టులో ఇది తీసుకుంటున్నారు’ అని ఫోన్ చేసి చెప్పినవాడు ఫ్లెక్సీ పడకముందే నేర్చుకున్నాడు. ఫ్లెక్సీ చూసి చేరినవాడు కోర్సు పూర్తిచేసి బయటికొచ్చేసరికి, అదే కోర్సు చేసినవాళ్లు వేలల్లో ఉంటారు. అప్పు తెచ్చిన ఫీజు, ఎస్సార్ నగర్ హాస్టల్ బిల్లు, ఇంటి నుంచి ‘ఇంకెన్నాళ్లు బిడ్డా’ అనే ఫోను, అన్నీ కలిసి ఆరు నెలల కన్నా ఆగనివ్వవు. రెండో అలదాకా ఎదురుచూడగలిగిన వాడిది వేరే ఆర్థిక స్థితి. 2001 మాంద్యంలో, 2008–09 మాంద్యంలో, 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డప్పుడు జరిగింది ఇదే. ఊళ్లో పొలం ఉన్నవాడు ఏడాది ఆగి మళ్లీ వచ్చాడు. మనవాడు కొరియర్ బాయ్‌గానో, ప్రైవేట్ స్కూల్లో కంప్యూటర్ సార్‌గానో మిగిలాడు. ఆ తర్వాత ఇంటర్వ్యూకి వెళ్తే ‘గ్యాప్ ఎందుకుంది?’ అన్నారు.

ఆ ‘గ్యాప్’ అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల 2008 తర్వాత మన ఇళ్లలో బీటెక్‌లు పెరిగాయి. ఇది కాదనలేని మార్పు. కూలి చేసే తల్లి ఫోటో పక్కన కూతురు గ్రాడ్యుయేషన్ టోపీతో నిలబడ్డ ఫోటోలు మన వాడల్లో గోడలకెక్కింది ఈ కాలంలోనే. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700 అయ్యాయి. ల్యాబ్ లేని కాలేజీలు, ఫ్యాకల్టీ కాగితం మీద మాత్రమే ఉన్న కాలేజీలు అందులో ఎన్నో. ప్రభుత్వం ఇచ్చే ఫీజు మన పిల్లల పేరు మీద మేనేజ్‌మెంట్ ఖాతాలోకి వెళ్లేది. సీటు మనది, వ్యాపారం వాళ్లది. సరిగ్గా మనం గుంపుగా డిగ్రీ పట్టుకుని బయటికి వచ్చే వేళకి గేటు దగ్గర కొత్త జల్లెడలు కనిపించాయి. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం. బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా ఉండకూడదు. చదువులో ఏడాది రెండేళ్లకు మించి గ్యాప్ ఉండకూడదు. కులం మాట ఎక్కడా లేదు చూడండి. తెలుగు మీడియంలో టెన్త్ చదివి 58 శాతం తెచ్చుకుని, నాన్న మంచాన పడితే ఏడాది పనికెళ్లి, ఫస్టియర్‌లో ఇంగ్లీషులో ఎం-1 అర్థంకాక ఒక సప్లీ రాసి, ఫైనల్ ఇయర్‌కి 75 శాతానికి ఎదిగిన పిల్ల ఎవరు? ఆమె చక్కగా ప్రోగ్రాం రాస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చునే అవకాశమే రాదు. టెన్త్ మార్కులకూ కోడింగ్‌కూ సంబంధం ఏమిటని అడిగితే ‘కంపెనీ పాలసీ’ అంటారు.

దీనికి తోడు సర్టిఫికెట్లు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు ఒరిజినల్స్ ఇవ్వకుండా ఆపడం రెండు రాష్ట్రాల్లోనూ ఇవాళ్టి సంగతి. బకాయి పడింది ప్రభుత్వం, శిక్ష విద్యార్థికి. ఆఫర్ లెటర్ చేతిలో ఉండి, జాయినింగ్ తేదీకి ప్రొవిజనల్ చూపించలేక దిగులుపడే పిల్లల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఏ టెక్నాలజీ నేర్చుకోవాలన్న చర్చ కన్నా ముందు తేల్చాల్సింది ఇది. విద్యార్థి సంఘాలు ఈ ఒక్క డిమాండ్ మీద కదిలినా వేలమందికి దారి దొరుకుతుంది.

జల్లెడ దాటి ఇంటర్వ్యూకి వెళ్లాక ఏం జరుగుతుంది? దీని మీద మన అనుభవాలు చెప్తే ‘మీకు అన్నిట్లో కులమే కనిపిస్తుంది’ అంటారు. సరే, పరిశోధనల మాటే చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ 2005 అక్టోబర్ నుంచి 66 వారాలపాటు ఇంగ్లీషు పత్రికల్లో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. అర్హతలు ఒకటే, పేర్లు మాత్రమే వేరు. దళిత పేరు ఉన్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడోవంతు తక్కువని తేలింది. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలో హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడారు. మాకు కులం పట్టింపు లేదు, మెరిటే చూస్తాం అని వాళ్లంతా చెప్పారు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారంటే ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడుగుతామన్నారు. మీ నాన్న ఏం చేస్తారు, ఏ ఊరు, ఎక్కడ పెరిగారు. మెరిట్‌కీ నాన్నకీ సంబంధం ఏమిటో వాళ్లకు తట్టలేదు. మన తెలుగువాళ్లైతే ఇంకో మెట్టు దిగి ‘ఇంటిపేరేంటి?’ అంటారు. దానికీ జవాబు తేలకపోతే ‘మీరు వెజ్జా నాన్‌వెజ్జా?’

ఇవాళ ఇంటర్వ్యూ దాకా చేర్చే పెద్ద దారి రెఫరల్. కంపెనీలో పనిచేసేవాళ్లు తమకు తెలిసినవాళ్ల పేరు ఇస్తారు, జాయిన్ అయితే బోనస్ కూడా వస్తుంది. తప్పేముంది అనిపిస్తుంది. తెలిసినవాళ్లు అంటే ఎవరు? చుట్టాలు, కాలేజీ ఫ్రెండ్స్, రూమ్మేట్లు. మొదటి అలలో ఎవరు లోపలికెళ్లారో రెండో అలలో వాళ్లవాళ్లే వెళ్తారు. 1998లో కబురు అందకపోవడం 1998తో అయిపోలేదు. వడ్డీతో పెరుగుతూ వచ్చింది.

రెఫరల్ లేనివాడి కోసం ‘బ్యాక్‌డోర్’ అనే ఇంకో దుకాణం తెరిచారు. లక్షల్లో కట్టు, ఫలానా ఎంఎన్‌సీలో జాబ్ గ్యారంటీ, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ మేమే పెడతాం, ఇంటర్వ్యూకి నీ బదులు ఇంకొకడు మాట్లాడతాడు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్క రూపాయి కట్టొద్దు. మూడు నెలలు జీతం వేసి బోర్డు తిప్పేసిన కంపెనీల వార్తలు హైదరాబాద్ పేపర్లలో తరచూ వస్తూనే ఉన్నాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఫేక్ బయటపడితే ఉద్యోగం పోతుంది, పేరు బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది. పైరవీ ఉన్నవాడు అందులోంచి బయటపడతాడు. నీ కోసం అమ్మ కుదువపెట్టిన పుస్తెలు మాత్రం తిరిగి రావు.

సముద్రం దాటితే కులం పోతుందా? కాజీపేట నుంచి వెళ్లిన సుజాత గిడ్ల గారి జీవితం చూడండి. వరంగల్ ఆర్ఈసీలో చదివి, ఐఐటీ మద్రాసులో పరిశోధన చేసి, అమెరికాలో బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేశారు. 2009 మాంద్యంలో ఉద్యోగం పోయింది. తర్వాత ఆమె న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా చేరారు. ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ రాసింది ఆ ఉద్యోగం చేస్తూనే. మనవాళ్లు దీన్ని జాలిగా చెప్తుంటారు, నాకు అది నచ్చదు. బాలయ్య గారికి దారి చూపిన రైలే న్యూయార్క్‌లో ఆమెకూ జీతమిచ్చింది.

2020 జూన్‌లో కాలిఫోర్నియా పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీర్‌ను, అతను ఐఐటీలో రిజర్వేషన్ సీటు తెచ్చుకున్నాడన్న సంగతి తోటి ఉద్యోగుల ముందు బయటపెట్టి, తర్వాత పక్కకు నెట్టారన్నది ఆరోపణ. ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద అలాగే ఉంచారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ చేసిన బిల్లును అక్టోబర్‌లో గవర్నర్ తిప్పి పంపారు. ఆ బిల్లుకు అడ్డుపడిన వాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లే ముందున్నారని గుర్తు పెట్టుకోండి.

మరి మన పిల్లలు ఏం నేర్చుకోవాలి? నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ మిత్రులను, మన సమాజం నుంచి లోపలికెళ్లి నిలబడ్డవాళ్లను అడిగి రాస్తున్నాను. జావా, పైథాన్ తగువు వాళ్లెవరూ పట్టించుకోవడం లేదు. ఏదో ఒక భాష, చేతితో కాగితం మీద రాయగలిగేంత గట్టిగా రావాలి అంటున్నారు. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఎస్‌క్యూఎల్ కావాలి. అవి ఇరవై ఏళ్ల కింద అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. గిట్‌హబ్‌లో నీ పేరు మీద నువ్వు రాసిన కోడ్ ఉండాలి. ఏఐతో రాయించుకున్నా సరే, ప్రతి లైను ఎందుకుందో నువ్వు చెప్పగలగాలి. ఫ్లెక్సీ మీద పేరు చూసి అప్పు చేయొద్దు. నేర్చుకునే సరుకు ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లది ఉచితంగా ఉంది, యూట్యూబ్‌లో అమీర్‌పేట ఫ్యాకల్టీలది తెలుగులోనే ఉంది.

ఇంకో మాట, ఇది నేను గట్టిగా చెప్తాను. ప్రైవేటు కంపెనీల వెంట పరుగెత్తుతూ అచ్చుకాగితం ఉన్న తలుపుల్ని మర్చిపోతున్నాం. గేట్ రాస్తే ఎంటెక్‌కి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, గేట్ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థలు ఇంజనీర్లను తీసుకుంటాయి. ఎన్ఐసీలో సైంటిస్ట్-బీ పోస్టులు పడతాయి. ప్రభుత్వ బ్యాంకుల ఐటీ ఆఫీసర్లకు ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది. వీటిలో రోస్టర్ ఉంది. పోస్టులు తక్కువే, పోటీ ఎక్కువే. కానీ అక్కడ ఎవరూ మీ నాన్న ఏం చేస్తాడని అడిగి కాల్ లెటర్ ఆపలేరు. మన బీటెక్ పిల్లల్లో సగంమందికి ఎన్ఐసీ పేరే తెలియదు, క్లాసులో అడిగి చూశాను.

ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ మాట 2004లో యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో ఉంది. పరిశ్రమల సంఘాలు స్వచ్ఛందంగా చేస్తామని ఒక కోడ్ రాసుకున్నాయి, చర్చ అక్కడితో చల్లారింది. ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు 2025లో టీసీఎస్ 12 వేలమందిని తీసేస్తామంది. అదే సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్-1బీ మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టాడు. ఏఐ పేరు చెప్పి ఫ్రెషర్స్‌ని తీసుకోవడం తగ్గిస్తున్నారు. మన మొదటి తరం ఇంజనీర్లు సరిగ్గా ఇప్పుడు గేటు దగ్గరికొచ్చారు. తీసివేతల జాబితా ఎవరు రాస్తారు, ఎవరి పేరు ముందుంటుంది, లోపల ఎవరికి ఎవరు తెలుసు అన్నది మళ్లీ అదే రెఫరల్ లెక్క. ఏ కులం వాళ్లు ఎందరు పనిచేస్తున్నారో కంపెనీలు చెప్పవు. మన ప్రభుత్వాలు భూమి, రాయితీలు ఇచ్చేటప్పుడు ఆ లెక్క అడగవచ్చు. ఇప్పటిదాకా అడగలేదు.

ఆ లెక్క వాళ్లు ఇచ్చేలోపు మన లెక్క మనం మొదలుపెడదాం. 1990 తర్వాత మన వాడల నుంచి కంప్యూటర్ రంగంలోకి వెళ్లినవాళ్లు, వెళ్లబోయి ఆగిపోయినవాళ్లు నాకు మెసేజ్ చేయండి. పేరు, ఊరు వద్దు. నాలుగు సంగతులు చాలు: మొదట ఏ కోర్సు నేర్చుకున్నారు, ఏ సంవత్సరంలో, ఫీజు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ కోర్సు పేరు మీకు మొట్టమొదట చెప్పిన మనిషి ఎవరు. వచ్చినవన్నీ కలిపి తరవాతి భాగంలో పెడతాను.